ఆపత్కాలంలో చరిత్ర, ధర్మబోధ: ప్రాచీన ఆంగ్ల రాతప్రతుల్లో ఒరోసియస్ అనువాదం, వుల్ఫ్‌స్టాన్ ప్రసంగం

ఉపోద్ఘాతం

క్రీ.శ. 410 ఆగస్టులో విసిగోతుల రాజు అలారిక్ రోము నగరాన్ని కొల్లగొట్టాడు. సుమారు ఎనిమిది శతాబ్దాలుగా పరసేన చొరబడని నగరం మూడు రోజుల పాటు దోపిడికి గురైంది. పూర్వ దేవతలను విడిచి క్రైస్తవాన్ని స్వీకరించినందువల్లే ఈ విపత్తు దాపురించిందని పాతమతస్థులు నిందించారు. ఈ నిందకు సమాధానంగా అగస్టీన్ ‘దైవనగరం’ అనే మహాగ్రంథాన్ని ఆరంభించాడు. చరిత్ర వైపు నుండి సమాధానం సమకూర్చే పనిని ఐబీరియా నుండి తన వద్దకు వచ్చిన ఒరోసియస్ అనే యువ మతాచార్యుడికి అప్పగించాడు. ఆ విధంగా 418 ప్రాంతానికి లాటినులో ఏడు సంపుటాల ‘పాతమతస్థులకు ప్రత్యుత్తరంగా చరిత్ర’ వెలువడింది.

ఆ గ్రంథం సుమారు అయిదు వందల ఏళ్ల తరువాత ఇంగ్లండులో దేశభాషలోకి వచ్చింది. అప్పటికి ఆ దేశం కూడా అటువంటి ప్రశ్ననే ఎదుర్కొంటున్నది. డేన్ల దాడుల్లో మఠాలు దగ్ధమయ్యాయి, రాజ్యాలు కూలిపోయాయి. ఇన్ని కష్టాలు ఎందుకు వచ్చాయి అన్న ప్రశ్నకు చరిత్రకారులు, ధర్మబోధకులు ఇద్దరూ జవాబు వెదికారు. అనువదిత చరిత్ర, ధార్మిక ప్రసంగం అనేవి నేడు వేర్వేరు ప్రక్రియలుగా కనిపిస్తాయి. ప్రాచీన ఆంగ్ల రాతప్రతులను పరిశీలిస్తే అవి రెండూ ఒకే ప్రశ్న చుట్టూ పెరిగాయని, ఒకే తర్కపద్ధతిని పరస్పర విరుద్ధమైన నిర్ణయాలకు వాడుకున్నాయని తెలుస్తుంది. ఒరోసియస్ అనువాదాన్ని, ఏల్ఫ్రిక్, వుల్ఫ్‌స్టాన్‌ల ప్రసంగాలను, వాటిని నేటి వరకు నిలిపిన రాతప్రతులను పక్కపక్కన ఉంచి ఈ విషయాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆల్‌ఫ్రెడ్ పీఠిక: అనువాదానికి ప్రాతిపదిక

వెస్సెక్స్ రాజు ఆల్‌ఫ్రెడ్ 871 నుండి 899 వరకు పాలించాడు. 878లో ఎడింగ్టన్ యుద్ధంలో డేన్ సేనను ఓడించిన తరువాత అతడు విద్యాపునరుద్ధరణ వైపు దృష్టి మళ్లించాడు. పోపు గ్రెగొరీ రచించిన ‘మతాచార్యధర్మం’ గ్రంథపు ఆంగ్లానువాదానికి ఆల్‌ఫ్రెడ్ పేరిట చేర్చిన పీఠిక ఈ ఉద్యమానికి ప్రణాళిక వంటిది. తాను సింహాసనమెక్కే నాటికి థేమ్స్ నదికి దక్షిణాన లాటిను తెలిసినవారు ఒక్కరు కూడా గుర్తుకు రావడం లేదని ఆ పీఠిక వాపోతుంది. సర్వం దగ్ధం కాకమునుపు చర్చిలు పుస్తకాలతో నిండి ఉండేవని, వాటిని చదవగలవారు మాత్రం కరువయ్యారని, కారణం అవి స్వభాషలో లేకపోవడమేనని చెబుతుంది. అందరూ తెలుసుకోవలసిన కొన్ని పుస్తకాలను అందరికీ అర్థమయ్యే భాషలోకి మార్చాలని ప్రతిపాదిస్తుంది. ఆ పని కొన్నిచోట్ల మాటకు మాటగా, కొన్నిచోట్ల భావానికి భావంగా సాగిందని కూడా వివరిస్తుంది.

ఈ పీఠికలో మరొక అంశం గమనార్హం. జ్ఞానాన్ని స్వయంగా ప్రేమించక, ఇతరులకు అందించక పోయినందుకే తమకు ఇహలోకంలో శిక్షలు సంభవించాయని రాజు గుర్తు చేస్తాడు. విపత్తుకు కారణం విద్యపట్ల అలసత్వమని, దానికి పరిహారం అనువాదమని దీని సారాంశం. అనువాదాన్ని ప్రాయశ్చిత్తంగా భావించిన ఈ దృష్టి తరువాతి ధర్మబోధకులకు వారసత్వంగా సంక్రమించింది. ఈ పీఠికతో వూస్టర్ బిషప్‌కు పంపిన ప్రతి బోడ్లియన్ గ్రంథాలయంలో హాటన్ 20 సంఖ్యతో నేటికీ ఉంది.

ఒరోసియస్ ఆంగ్లానువాదం

ఒరోసియస్ చరిత్రను అనువదించినవాడు ఆల్‌ఫ్రెడే అని 12వ శతాబ్దపు చరిత్రకారుడు విలియం ఆఫ్ మామ్స్‌బరీ రాశాడు. శతాబ్దాల పాటు ఈ అభిప్రాయమే చెలామణి అయింది. 1970లో ఎలిజబెత్ లిగిన్స్, జానెట్ బేట్లీ వేర్వేరుగా జరిపిన భాషాపరిశీలనల్లో ఈ అనువాదపు పదజాలం, వాక్యనిర్మాణం ఆల్‌ఫ్రెడ్‌కు ఆపాదించిన ఇతర అనువాదాలతో పొసగవని తేలింది. అనువాదకుడి పేరు నేటికీ తెలియదు. అతని పద్ధతి మాత్రం రచనలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఇది స్వేచ్ఛానువాదం. లాటినులోని ఏడు సంపుటాలు ఇందులో ఆరయ్యాయి. రోమనుల అంతర్గత రాజకీయాలు, ఊళ్ల పేర్లు, సంఖ్యల జాబితాలు చాలావరకు తొలగిపోయాయి. ఆంగ్ల పాఠకుడికి తెలియని విషయాలకు వివరణలు చేరాయి. ఉదాహరణకు, రోమను సేనాని జరుపుకునే విజయోత్సవం అంటే ఏమిటో, రథం ఎలా సాగేదో, సెనేటు సభ్యులు ఎలా ఎదురేగేవారో అనువాదకుడు ప్రత్యేకంగా చెబుతాడు. భౌగోళిక వర్ణనలో డాన్యూబ్ నదికి ఉత్తరాన ఉన్న జాతుల గురించి కొత్త భాగం కూర్చాడు. ఓహ్తెరె అనే నార్వే నావికుడు తన ప్రభువైన ఆల్‌ఫ్రెడ్‌కు విన్నవించిన ప్రయాణవృత్తాంతం ఇక్కడే చోటుచేసుకుంది. తన వద్ద అమ్మని పెంపుడు రెయిన్‌డీర్లు 600 ఉన్నాయని, వాటిలో అడవి జంతువులను ఆకర్షించే దీమపు జంతువులు 6 అని అతడు చెప్పిన లెక్క ఈ అనువాదంలోనే నిక్షిప్తమైంది.

రచన పొడవునా ‘ఒరోసియస్ పలికాడు’ అన్న వాక్యం పదేపదే వస్తుంది. మూలంలో ఒరోసియస్ స్వయంగా మాట్లాడుతున్నాడు కనుక ఈ సూచన అక్కడ అవసరం లేదు. అనువాదకుడు దీనిని చేర్చడంతో గ్రంథానికి ఒక వక్త ఏర్పడ్డాడు, పాఠకుడు శ్రోత అయ్యాడు. చరిత్రకథనం ప్రసంగపు ఛాయలను సంతరించుకుంది. బాబిలోను పతనఘట్టంలో ఈ లక్షణం పరాకాష్ఠకు చేరుతుంది. అనువాదకుడు ఆ నగరం చేతనే మానవాళిని ఉద్దేశించి మాట్లాడిస్తాడు. తన పతనాన్ని చూసి, ఈ లోకంలో దృఢమైనది, శాశ్వతమైనది ఏదీ లేదని గ్రహించండని నగరం హెచ్చరిస్తుంది. శిథిలమైన నగరం లోకానిత్యతను బోధించే ఈ పద్ధతి చరిత్రరచనకంటే ధార్మిక వేదికకు దగ్గరైనది.

గ్రంథం మొత్తంమీద నడిచే వాదం ఒక్కటే. క్రైస్తవం వచ్చాక కాలం చెడిపోయిందనేవారు గుడ్డిగా మాట్లాడుతున్నారు. పూర్వం అంతకంటే ఘోరమైన యుద్ధాలు, కరవులు, అగ్నిప్రమాదాలు జరిగాయి. అవసరం వచ్చి పడితే తప్ప ఒక జాతి మరొక జాతిని శాంతి కోరిన సందర్భం పూర్వం ఎక్కడైనా ఉన్నదా అని వక్త నిలదీస్తాడు. ఈ వాదానికి అనుగుణంగా రోము దోపిడి ఘట్టం మృదువుగా చిత్రితమైంది. అలారిక్ క్రైస్తవుడు, రాజులలో సౌమ్యుడు. ఎవరినీ చంపవద్దని, చర్చిలలోని వస్తువులను ముట్టుకోవద్దని ఆజ్ఞాపించాడు. మూడవ రోజున తన ఇష్టంతోనే నగరాన్ని విడిచి వెళ్లాడు. నగరం దగ్ధమైతే చాలు మతాన్ని నిందించేవారికి, దగ్ధం కాని నగరాన్ని చూపించడం ఈ చిత్రణలోని వ్యూహం. డేన్ సేనలు ఇళ్లు తగలబెట్టిన సంగతి స్వయంగా ఎరిగిన ఆంగ్ల పాఠకుడికి ఈ ఘట్టం ఏ విధంగా తోచిందో ఊహించడం కష్టం కాదు. గతం కంటే వర్తమానం మేలన్న ఓదార్పు అతనికి అవసరమైన కాలమది.

రెండు ప్రధాన ప్రతులు

ఈ అనువాదానికి సమగ్రమనదగ్గ ప్రతులు రెండే మిగిలాయి. మొదటిది 10వ శతాబ్దం ఆరంభంలో వించెస్టర్‌లో తయారైనది. లాడర్‌డేల్ డ్యూక్ వద్ద, అనంతరం టోలెమాష్ కుటుంబం వద్ద ఉన్నందువల్ల దీనికి ఆ రెండు పేర్లూ వచ్చాయి. ఇప్పుడిది బ్రిటిష్ లైబ్రరీలో అదనపు ప్రతి 47967. దీని చేతివ్రాతకు, ఆంగ్లో-సాక్సన్ వార్షికచరిత్రలో ప్రాచీనమైన పార్కర్ ప్రతిలోని రెండవ లేఖకుడి వ్రాతకు అతిసన్నిహిత సంబంధం ఉందని లేఖనశాస్త్ర పండితులు గుర్తించారు. రోము గతాన్ని ఆంగ్లంలోకి ప్రతి చేసిన లేఖకబృందమే స్వదేశపు వర్తమానాన్ని కూడా ఏటేటా నమోదు చేసిందన్న మాట.

రెండవది కాటన్ సేకరణలోని టైబీరియస్ బి.1. ఇందులోని ఒరోసియస్ భాగం 11వ శతాబ్దం ఆరంభపు వ్రాత. మొదటి ప్రతిలో ఎనిమిదవ పత్రం తరువాత ఒక పత్రాల కట్ట ఊడిపోయింది. ఫలితంగా ఓహ్తెరె వృత్తాంతంలో అధికభాగం ఈ రెండవ ప్రతి వల్లనే దక్కింది. ఈ ప్రతిలో ఒరోసియస్‌కు తోడుగా ఉన్న రచనలు కూడా ముఖ్యమైనవి. చర్చి పండుగల క్రమాన్ని చెప్పే ఒక పద్యం, నీతివాక్యాల పద్యం, ఆ తరువాత వార్షికచరిత్రలో ‘సి’ పాఠంగా పేరొందిన భాగం వరుసగా కనిపిస్తాయి. ప్రపంచచరిత్ర, ధార్మిక కాలచక్రం, లోకనీతి, దేశచరిత్ర ఒకే కట్టలో చేరాయి. ఈ కూర్పును చూసినప్పుడు ఆనాటి పాఠకులు చరిత్రను ధర్మం నుండి వేరుచేసి చదవలేదని అర్థమవుతుంది.

ఏల్ఫ్రిక్: అనువాదం నుండి ప్రసంగానికి

ఆల్‌ఫ్రెడ్ కాలపు అనువాదాలకు, తరువాతి తరం ప్రసంగసాహిత్యానికి ఉన్న బంధాన్ని ఏల్ఫ్రిక్ స్వయంగా చెప్పుకున్నాడు. సెర్న్ మఠంలో సన్యాసిగా, 1005 నుండి ఐన్‌షమ్ మఠాధిపతిగా జీవించిన ఇతడు 990 తరువాతి కొద్ది ఏళ్లలో ‘కేథలిక్ ప్రసంగాలు’ రెండు శ్రేణులుగా రచించి కాంటర్బరీ ఆర్చిబిషప్ సిజెరిక్‌కు సమర్పించాడు. ఒక్కొక్క శ్రేణిలో 40 ప్రసంగాలు. తన ప్రయత్నానికి కారణాన్ని మొదటి శ్రేణి పీఠికలో తెలిపాడు. అనేక ఆంగ్ల పుస్తకాలలో దోషాలు మలిచి ఉన్నాయని, చదువులేనివారు వాటినే గొప్ప జ్ఞానంగా భ్రమిస్తున్నారని, ఆల్‌ఫ్రెడ్ రాజు వివేకంతో లాటిను నుండి అనువదించిన పుస్తకాలు తప్ప లాటిను తెలియనివారికి సువార్తబోధ అందుబాటులో లేదని అతని ఆవేదన. ఆ రాజు ప్రారంభించిన పనికి తన ప్రసంగాలు కొనసాగింపు అని ఏల్ఫ్రిక్ భావించాడనడానికి ఇంతకంటే స్పష్టమైన ఆధారం అక్కరలేదు.

అనువాదపద్ధతిలోనూ ఈ వారసత్వం కనబడుతుంది. అగస్టీన్, జెరోము, బీడ్, గ్రెగొరీ వంటి ఆచార్యుల వ్యాఖ్యలను ఆధారంగా చేసుకున్న ఏల్ఫ్రిక్ అన్నిచోట్లా మాటకు మాట అనువదించలేదని, భావానికి భావం అందించానని లాటిను పీఠికలో ప్రకటించాడు. దుర్బోధమైన పదాలను విడిచి సరళమైన ఆంగ్లాన్ని ఎంచుకున్నాడు.

పాఠశుద్ధి విషయంలో ఇతడు చూపిన జాగ్రత్త రాతప్రతులలో ప్రత్యక్షంగా కనిపిస్తుంది. తన పుస్తకాన్ని ఎత్తిరాసేవారు మాతృకతో సరిచూసుకోవాలని, లేకపోతే అజాగ్రత్త లేఖకుల వల్ల తప్పులు తన మీద పడతాయని పీఠిక చివర అర్థించాడు. బ్రిటిష్ లైబ్రరీలోని రాయల్ 7 సి.12 ప్రతిలో మొదటి శ్రేణి ప్రసంగాలకు ఏల్ఫ్రిక్ స్వహస్తంతో చేసినవిగా పండితులు గుర్తించిన సవరణలు ఉన్నాయి. ఒకచోట కొంత పాఠాన్ని కొట్టివేసి, ఆ వృత్తాంతం రెండవ పుస్తకంలో మరింత సమగ్రంగా ఉన్నందువల్ల తొలగించినట్లు అంచున గమనిక రాశాడు. వెయ్యేళ్లనాటి గ్రంథకర్త తన పాఠాన్ని తానే పరిష్కరించుకుంటున్న దృశ్యం ఇది. యుగాంతం సమీపిస్తున్నదని, ఆ కాలపు మోసాలను తట్టుకోవాలంటే జనానికి సరైన బోధ అవసరమని అతడు విశ్వసించాడు. తప్పుపాఠం అతని దృష్టిలో ఆత్మలకు సంబంధించిన ప్రమాదం.

వుల్ఫ్‌స్టాన్: ఒరోసియస్ తర్కానికి విలోమం

ఏల్ఫ్రిక్ సమకాలికుడైన వుల్ఫ్‌స్టాన్ 996లో లండన్ బిషప్, 1002లో యార్క్ ఆర్చిబిషప్ అయ్యాడు. 1023లో మరణించాడు. ‘ఆంగ్లేయులకు తోడేలు ప్రసంగం’ అతని రచనల్లో ప్రసిద్ధమైనది. తన పేరులోని ‘వుల్ఫ్’ అనే మాటకు లాటిను పర్యాయమైన ‘లూపస్’ను అతడు కలంపేరుగా వాడాడు. కాటన్ సేకరణలోని నీరో ఎ.1 ప్రతిలో ఈ ప్రసంగపు శీర్షిక, డేన్లు అత్యంత తీవ్రంగా పీడించిన 1014వ సంవత్సరపు ప్రసంగమని తెలుపుతుంది. అంతకుముందు ఏడాదే రాజు ఎథెల్‌రెడ్ దేశం విడిచి పారిపోయాడు. డేన్ రాజు స్వెయిన్ 1014 ఫిబ్రవరిలో మరణించాడు.

లోకం వడివడిగా అంతానికి సమీపిస్తున్నదని, కాలం గడిచే కొద్దీ దురవస్థ పెరుగుతున్నదని ప్రసంగం మొదలవుతుంది. ఆ తరువాత వచ్చే ఆరోపణలు స్థూలమైన ధర్మోపన్యాసపు మాటలు కావు. సొంత బంధువులను విదేశాలకు బానిసలుగా అమ్ముకోవడం, పారిపోయిన బానిస డేన్లతో కలిసి పూర్వపు యజమానిపైనే కత్తి ఎత్తడం, భార్యాబిడ్డలపై జరిగే అత్యాచారాన్ని భర్త నిస్సహాయంగా చూడవలసి రావడం, ప్రభువులకు ద్రోహం చేయడం వంటి ప్రత్యక్ష దృశ్యాలు అందులో ఉన్నాయి. ఎడ్వర్డ్ రాజు హత్యను కూడా ఇందుకు నిదర్శనంగా చూపుతాడు.

ఈ వ్యాసానికి కీలకమైన ఘట్టం ప్రసంగపు దీర్ఘపాఠంలో చివరి భాగాన ఉంది. బ్రిటన్ల కాలంలో గిల్డాస్ అనే చరిత్రకారుడు ఉండేవాడని, బ్రిటన్లు పాపాలతో దైవాగ్రహానికి గురైనందువల్ల చివరికి ఆంగ్లేయుల సేన వారి దేశాన్ని గెలుచుకునేలా దేవుడు అనుమతించాడని ఆ చరిత్రకారుడు రాశాడని వుల్ఫ్‌స్టాన్ చెబుతాడు. ఈ భాగానికి ఆధారం 793లో లిండిస్‌ఫార్న్ మఠంపై జరిగిన దాడి తరువాతి ఏళ్లలో ఆల్కుయిన్ రాసిన లేఖ. బ్రిటన్లలో విన్న దుష్కృత్యాలకంటే ఘోరమైనవి నేడు ఆంగ్లేయులలోనే జరుగుతున్నాయని బోధకుడు హెచ్చరిస్తాడు.

ఒరోసియస్ పద్ధతితో దీనిని పోల్చి చూడవచ్చు. గతాన్ని వర్తమానంతో తూచడం ఇద్దరికీ సమానమే. మన కాలం కంటే పూర్వకాలం ఘోరమైనదని ఒరోసియస్ తీర్పు. పూర్వుల కంటే మనం ఘోరమైనవారమని వుల్ఫ్‌స్టాన్ తీర్పు. ఒకే తక్కెడలో తూకం రెండు వైపులకు మొగ్గింది. కారణం శ్రోతల భేదంలో ఉంది. ఒరోసియస్ మతాన్ని నిందించే బయటివారికి జవాబు చెబుతున్నాడు కనుక వర్తమానాన్ని సమర్థించాలి. వుల్ఫ్‌స్టాన్ తనవారిని మేల్కొల్పదలచాడు కనుక వర్తమానాన్ని నిలదీయాలి. పైగా గిల్డాస్ కథలో ఆంగ్లేయులే దండెత్తి వచ్చినవారు. ఆనాటి విజేతల సంతతి ఇప్పుడు పరాజితుల స్థానంలో నిలబడి ఉంది. గిల్డాస్ చరిత్ర శ్రోతల మీదకే తిరిగి వచ్చిన ఈ మలుపులో ప్రసంగపు శక్తి దాగి ఉంది.

కాలాన్ని గమనిస్తే మరొక విశేషం బయటపడుతుంది. టైబీరియస్ బి.1లోని ఒరోసియస్ ప్రతి 11వ శతాబ్దం ఆరంభానిది. అనగా లోకం నానాటికీ క్షీణిస్తున్నదని ఆర్చిబిషప్ ప్రకటించిన తరంలోనే, లోకం మునుపటి కంటే మెరుగైనదని వాదించే గ్రంథాన్ని ఒక వ్రాయసకాడు ఓపికగా ఎత్తిరాశాడు. ఈ రెండు జవాబులూ ఆనాటి సమాజంలో ఏకకాలంలో జీవించాయి. ఒకటి ఆశను నిలిపింది, మరొకటి బాధ్యతను గుర్తు చేసింది.

వుల్ఫ్‌స్టాన్ బోధ నిరాశతో ముగియలేదన్నది కూడా ఇక్కడ ప్రస్తావించాలి. పశ్చాత్తాపం, మాట నిలుపుకోవడం, న్యాయవర్తనం అనే మార్గాలను చూపి ప్రసంగం ముగుస్తుంది. 1016లో డేన్ రాజు క్నూట్ సింహాసనమెక్కాడు. దేశం భయపడిన పరాధీనత సంభవించింది. ఎథెల్‌రెడ్ శాసనాలను రూపొందించిన వుల్ఫ్‌స్టానే క్నూట్ శాసనాలను కూడా రూపొందించాడు. అతని స్వహస్త సవరణలను నీల్ కెర్ గుర్తించిన నీరో ఎ.1 ప్రతిలో ప్రసంగాలు, శాసనపాఠాలు కలిసి ఉండడం యాదృచ్ఛికం కాదు. వేదిక మీద చెప్పినదానిని చట్టంగా నిలబెట్టాలన్న తపన ఆ కూర్పులో వ్యక్తమవుతుంది.

తరువాతి కాలంలో ప్రతుల గతి

1066లో నార్మన్ల విజయం తరువాత ఈ భాష క్రమంగా దుర్బోధమైంది. 13వ శతాబ్దం పూర్వార్ధంలో వూస్టర్‌కు చెందిన ఒక అజ్ఞాత పాఠకుడు వణికే చేతితో సుమారు 20 ప్రతులలో పంక్తుల మధ్య వేలాది టిప్పణులు రాశాడు. ఆల్‌ఫ్రెడ్ పీఠిక ఉన్న హాటన్ 20, వుల్ఫ్‌స్టాన్ ప్రసంగాలున్న హాటన్ 113 వాటిలో ఉన్నాయి. సొంత పూర్వుల భాషకే అర్థాలు రాసుకోవలసిన స్థితి అప్పటికే ఏర్పడిందని ఇవి సాక్ష్యమిస్తాయి.

16వ శతాబ్దంలో ఎనిమిదవ హెన్రీ మఠాలను రద్దు చేయడంతో వాటి గ్రంథాలయాలు చెదిరిపోయాయి. ఆర్చిబిషప్ మాథ్యూ పార్కర్ అనేక ప్రతులను సేకరించాడు. అతని ప్రోద్బలంతో 1566 ప్రాంతంలో ఏల్ఫ్రిక్ ఈస్టర్ ప్రసంగం అచ్చయింది. ప్రొటెస్టంట్ సిద్ధాంతానికి ప్రాచీన ప్రమాణం చూపడమే ఆ ముద్రణ లక్ష్యం. పాఠశుద్ధిని అంతగా కోరుకున్న ఏల్ఫ్రిక్ ప్రసంగం అతడు ఎన్నడూ ఊహించని వివాదంలో సాక్షిగా నిలబడవలసి వచ్చింది. 1731 అక్టోబరు 23న ఆష్‌బర్న్‌హమ్ భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో కాటన్ సేకరణకు తీవ్రనష్టం వాటిల్లింది. టైబీరియస్ బి.1, నీరో ఎ.1 బయటపడ్డాయి. ఒరోసియస్ అనువాదాన్ని డెయిన్స్ బారింగ్టన్ 1773లో తొలిసారి సంపూర్ణంగా ముద్రించాడు. జానెట్ బేట్లీ 1980లో ప్రకటించిన పరిష్కరణ నేటి పరిశోధనకు ప్రామాణికంగా నిలిచింది.

ఉపసంహారం

ఆల్‌ఫ్రెడ్ పీఠిక, ఒరోసియస్ అనువాదం, ఏల్ఫ్రిక్ ప్రసంగాలు, వుల్ఫ్‌స్టాన్ ప్రసంగం ఒకదానికొకటి వేరైన రచనలైనా, విపత్తుకు అర్థం వెదకడంలో ఒకే పరంపరకు చెందినవి. జ్ఞానాన్ని విస్మరించడమే దోషమని ఆల్‌ఫ్రెడ్, గతం ఇంతకంటే ఘోరమని ఒరోసియస్ అనువాదకుడు, అబద్ధపు పుస్తకాలే ప్రమాదమని ఏల్ఫ్రిక్, ధర్మభ్రష్టతే కారణమని వుల్ఫ్‌స్టాన్ జవాబిచ్చారు. చరిత్రను ప్రసంగంగా మలచిన అనువాదకుడు, ప్రసంగంలోకి చరిత్రను తెచ్చిన బోధకుడు ఒకే దారిలో ఎదురెదురుగా నడిచారు. ముద్రిత సంకలనాలు ఈ రచనలను ప్రక్రియలవారీగా విడదీసి చూపుతాయి. రాతప్రతులు మాత్రం వాటిని కలిపే ఉంచాయి. అందువల్ల ఒక రచన అర్థాన్ని నిర్ణయించేటప్పుడు ఆ రచన పాఠంతో పాటు అది ఏ ప్రతిలో, ఏ రచనల పొరుగున, ఏ ఆపత్కాలంలో ఎత్తిరాయబడిందో కూడా పరిశీలించడం ఆవశ్యకం.